ఉరవకొండ మీదుగా డకోటా

బళ్ళారి నుంచి మద్రాసుకు పటం మీద ఒక సరళరేఖ గీస్తే, ఆ రేఖ అనంతపురం జిల్లాలోని విడపనకల్లుకు దక్షిణంగా పది కిలోమీటర్ల లోపు నుంచే సాగి, ఉరవకొండ నెత్తి మీదుగా, అనంతపురం పట్నాన్ని ఆనుకొని, రాయచోటినీ తిరుపతినీ దాటి సముద్రపు ఒడ్డును అందుకుంటుంది. రమారమి 430 కిలోమీటర్ల ఈ గీతకు మన విమానయాన చరిత్రలో ఒక స్థానం ఉంది. 1932 అక్టోబరు 15న కరాచీలో బయలుదేరిన టాటాల తొలి తపాలా విమానం బొంబాయి చేరాక, అక్కడి నుంచి మద్రాసు దాకా మిగిలిన అంచెకు బళ్ళారినే మజిలీగా ఎంచుకున్నారు. ఆనాటి చిన్న తపాలా విమానాలూ, వాటి వెనుకే వచ్చి రెండు దశాబ్దాల పాటు ప్రయాణికులను మోసిన పిస్టన్ ఇంజన్ల పెద్ద విమానాలూ ఇప్పుడు ఆకాశంలో దాదాపు కనిపించవు. వాటిని నడిపే విద్య మాత్రం కంప్యూటర్ తెర మీద, విమాన సిమ్యులేటర్ అనే అనుకరణ సాధనంలో, ఎంతో శ్రద్ధతో బతికి ఉంది. ఆ విద్యను అనంతపురం పీఠభూమి మీద ప్రయోగించి చూస్తే యంత్రపు గుణంతో పాటు ఈ నేల గుణం కూడా కొత్తగా అర్థమవుతుంది.

తొలి తపాలా విమానాన్ని కరాచీ నుంచి బొంబాయి దాకా జె.ఆర్.డి. టాటా స్వయంగా నడపగా, జుహూ మైదానంలో సంచులు అందుకొని బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చినవాడు నెవిల్ వింట్‌సెంట్. బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసి వచ్చిన వింట్‌సెంటే ఈ పథకాన్ని మొదట ప్రతిపాదించినవాడు కూడా. విమానం డి హావిలండ్ కంపెనీ వారి పుస్ మాత్: ఒకే ఇంజను, గంటకు సుమారు 160 కిలోమీటర్ల వేగం, తపాలా సంచులు పోగా మనిషికి మిగిలేది ఇరుకైన చోటు. అప్పటి బళ్ళారి మద్రాసు రాష్ట్రంలోది, దత్తమండలాలలో భాగం. 1882 వరకు అనంతపురం ప్రాంతమంతా బళ్ళారి జిల్లా కిందే ఉండేది. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసినా, విడపనకల్లుకు ఇప్పటికీ దగ్గరి పెద్ద పట్నం అదే. కొన్నేళ్లకు తపాలా మజిలీ హైదరాబాదుకు మారిపోవడంతో ఈ పీఠభూమికి విమానాల దారితో ఉన్న తొలి చుట్టరికం జ్ఞాపకంలోంచి జారిపోయింది. ఇక్కడి పాఠ్యపుస్తకాలలో ఆ ముక్క ఉండవలసింది.

పెద్ద విమానాల కథ హైదరాబాదులో మొదలయింది. 1945లో నిజాం ప్రభుత్వం 71 శాతం, టాటాలు 29 శాతం వాటాలతో డెక్కన్ ఎయిర్‌వేస్ సంస్థ ఏర్పడింది. బేగంపేట దాని స్థావరం, డగ్లస్ కంపెనీ వారి డీసీ-3 దాని వాహనం. 1935 డిసెంబరు 17న మొదటిసారి గాలిలోకి లేచిన ఈ రెండు ఇంజన్ల విమానానికి యుద్ధకాలంలో సైనిక రూపాలు వేల సంఖ్యలో తయారయ్యాయి. బ్రిటిష్ వారు ఆ సైనిక రూపానికి పెట్టిన ‘డకోటా’ అనే పేరే మన దేశంలో విమానానికంతటికీ స్థిరపడింది. యుద్ధం ముగిశాక మిగులు సరుకుగా అమ్మకానికి వచ్చిన డకోటాలతోనే మన విమాన సంస్థలు చాలావరకు నిలదొక్కుకున్నాయి. 1947లో వాణిజ్య పైలట్ లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్‌కు, ఇతర సంస్థలు కాదన్న తర్వాత, ఉద్యోగం ఇచ్చినది డెక్కన్ ఎయిర్‌వేసే అన్న సంగతి హైదరాబాదు చెప్పుకోదగిన విషయం. 1953 ఆగస్టు 1న మరి ఏడు సంస్థలతో పాటు ఇది కూడా ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. బేగంపేట నుంచి బెంగళూరుకు సూటిగా గీసిన గీత కర్నూలుకు కొద్దిగా తూర్పున సాగి తాడిపత్రి మీదుగా వెళ్తుంది. బళ్ళారి–మద్రాసు గీత దానిని తాడిపత్రికి దక్షిణంగా, చిత్రావతి లోయకు దరిదాపుల్లో ఖండిస్తుంది. ఒకటి తపాలాది, ఒకటి ప్రయాణికులది. రెండు దారులూ కలిసే చోటు వేరుశనగ చేలలో ఉంది.

సిమ్యులేటర్ అన్న ఊహ పాతదే. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ తయారు చేసిన శిక్షణ పెట్టెలో కూర్చుని ఒక తరం పైలట్లు మేఘాలలో పరికరాలు చూసి నడపడం నేర్చుకున్నారు. ఇంటి కంప్యూటర్ల మీదికి ఆ ఊహను తెచ్చినవాడు బ్రూస్ ఆర్ట్‌విక్. ఆయన రూపొందించినదే 1982లో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌గా వచ్చింది. రైట్ సోదరుల శతాబ్ది సందర్భంగా 2003లో వచ్చిన కూర్పులో డీసీ-3ని చేర్చారు. 2022 నవంబరులో నలభయ్యేళ్ల కానుకగా వచ్చిన కూర్పులోనూ అది ఉంది. వీటితో పాటు డబ్బు అక్కరలేకుండా, మూల సంకేతంతో సహా ఎవరైనా దించుకోగల ఫ్లైట్‌గియర్ అనే సిమ్యులేటర్ ఉంది. ఖరీదైన యంత్రం లేని విద్యార్థికి ఇదే సరైన ద్వారం కనుక దీని పేరు ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది.

పిస్టన్ ఇంజను అంటే ఏమిటో ఈ ప్రాంతపు రైతు కుటుంబాలకు వివరించనక్కరలేదు. బోర్లు రాకముందు బావి గట్టు మీద హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసిన ఆయిల్ ఇంజనులో ఒక సిలిండరు, అందులో పైకీ కిందికీ ఆడే ఒక పిస్టన్ ఉండేవి. ఆ ఇంజను డీజిలుతో నడిచేది, విమానం ఇంజను పెట్రోలుతో నడుస్తుంది. కానీ మండిన ఇంధనం పిస్టన్‌ను తోయడం, ఆ తోపు ఇరుసును తిప్పడం అనే సూత్రం ఒకటే. డీసీ-3లోని ప్రాట్ అండ్ విట్నీ ట్విన్ వాస్ప్ ఇంజనులో అలాంటి సిలిండర్లు పద్నాలుగు, బండిచక్రపు ఆకుల్లా ఇరుసు చుట్టూ రెండు వరుసలుగా అమరి ఉంటాయి. ఒక్కో ఇంజను 1,200 గుర్రాల శక్తి ఇస్తుంది. ప్రతి సిలిండరుకూ రెండేసి స్పార్క్ ప్లగ్గులు, అంటే విమానం మొత్తానికి 56. తర్వాత వచ్చిన డీసీ-6లోనూ, ఎయిర్ ఇండియా 1948 జూన్‌లో లండన్ దారి పట్టించిన కాన్‌స్టెలేషన్‌లోనూ పద్దెనిమిదేసి సిలిండర్ల ఇంజన్లు నాలుగేసి ఉండేవి. బోయింగ్ స్ట్రాటోక్రూయిజర్‌లో ఒక్కో ఇంజనుకు ఇరవై ఎనిమిది. జెట్ ఇంజను రావడంతో ఈ వంశం ఆగిపోయింది.

ఈ ఇంజన్లను లేపడమే ఒక క్రమం. ఆగి ఉన్న ఇంజనులో నూనె మెల్లగా దిగి అడుగు సిలిండర్లలో చేరుతుంది. ద్రవం నొక్కితే కుదించుకుపోదు కనుక, ఆ స్థితిలో ఇంజనును ఒక్కసారిగా తిప్పితే పిస్టన్‌ను ఇరుసుతో కలిపే కడ్డీ వంగిపోతుంది. అందువల్ల మెకానిక్కులు ముందుగా ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పి, రెక్కలు లెక్కపెడుతూ ఆ నూనెను వదిలించేవారు. పైలట్ల గదిలో అందరి చూపూ ముందుగా పడవలసినది మానిఫోల్డ్ ప్రెషర్ గేజీ మీద. సిలిండర్లలోకి వెళ్లే గాలి ఎంత ఒత్తిడిలో ఉందో పాదరసపు అంగుళాలలో చూపే ఈ ముల్లు, ఇంజను ఆగి ఉన్నప్పుడు బయటి గాలి ఒత్తిడినే చూపుతుంది. బళ్ళారి సముద్రమట్టానికి సుమారు 1,600 అడుగుల ఎత్తున ఉన్నందున అక్కడ ముల్లు 28 అంగుళాల పైచిలుకు దగ్గర నిలుస్తుంది. ఇంధనపు పంపు వేసి, ప్రైమర్‌తో సిలిండర్లలోకి కాస్త పెట్రోలు చిమ్మించి, స్టార్టర్ నొక్కగా ప్రొపెల్లర్ బరువుగా కదులుతుంది. కొన్ని రెక్కలు దాటాక మాగ్నెటోలు, అంటే ప్లగ్గులకు నిప్పురవ్వను అందించే చిన్న విద్యుత్ యంత్రాలు, కలుపుతారు. ఒక సిలిండరు మండుతుంది, మరొకటి మండదు, పొగగొట్టంలోంచి తెల్లని పొగ ఒక గుప్పెడు లేస్తుంది. మిశ్రమపు మీటను ముందుకు నెట్టగానే తక్కినవీ ఒకదాని వెంట ఒకటి అందుకొని, విడివిడిగా వినిపించిన దెబ్బలు ఒకే హోరుగా కలిసిపోతాయి. మంచి సిమ్యులేటర్ నమూనాలో ఈ కలిసిపోవడం చెవికి తెలుస్తుంది, తప్పు క్రమంలో చేస్తే తెలియకుండానూ పోతుంది.

చలి దేశాలలో రాసిన సూచనల పుస్తకం నూనె వేడి 40 డిగ్రీలు దాటేదాకా ఇంజను వేగం పెంచవద్దని చెబుతుంది. మే నెల మధ్యాహ్నం బళ్ళారిలోనో అనంతపురంలోనో నిలబెట్టిన విమానంలో నూనె ఇంజను తిరగకముందే ఆ వేడికి చేరువలో ఉంటుంది. ఇక్కడ కష్టం దీనికి తలకిందులు: ఈ ఇంజన్లను చల్లబరిచేది ఎదురుగాలే కనుక, నేల మీద నిలిచి తిరుగుతున్నంతసేపూ సిలిండర్ల తలలు వేడెక్కుతూనే ఉంటాయి. కౌల్ ఫ్లాప్‌లు, అంటే ఇంజను తొడుగు చివర గాలి బయటికి పోయే రేకు తలుపులు, పూర్తిగా తెరిచి, ముక్కును గాలికి ఎదురుగా తిప్పి, చేయవలసిన పరీక్షలు త్వరగా ముగించడం తప్ప వేరే మార్గం లేదు. జాగు చేసినవాడు ముల్లు ఎర్రగీత వైపు పోవడం చూస్తూ కూర్చోవలసి వస్తుంది.

వేడి ఇంకో పన్ను కూడా వసూలు చేస్తుంది. గాలి వేడెక్కితే పలచబడుతుంది. ఎత్తుకు పోయినా పలచబడుతుంది. సుమారు 450 మీటర్ల ఎత్తున ఉన్న విడపనకల్లు మీద 42 డిగ్రీల ఎండ కాసినప్పుడు, అక్కడి గాలి పలుచదనం ప్రామాణిక వాతావరణంలో 5,000 అడుగుల ఎత్తున ఉండే గాలితో సమానం. విమానశాస్త్రంలో దీనిని సాంద్రతా ఎత్తు అంటారు. అలాంటి గాలిలో రెక్కకు అదే మోత దక్కాలంటే నేల మీద ఎనిమిది శాతం ఎక్కువ వేగం అందుకోవాలి, అందుకు రన్‌వే మరింత పొడవు కావాలి. డకోటా ఇంజనులో గాలిని బలవంతాన లోనికి నెట్టే సూపర్‌చార్జర్ ఉన్నందున అది 48 అంగుళాల ఒత్తిడితో, నిమిషానికి 2,700 చుట్లతో ఈ లోటును కొంత భరిస్తుంది. ఆ వసతి లేని పుస్ మాత్ తన శక్తిలో సుమారు ఏడింట ఒకవంతు ఎండకే సమర్పించుకుంటుంది. సిమ్యులేటర్‌లో వాతావరణపు మీట జరిపి జనవరి తెల్లవారుజామునొకసారి, మే మధ్యాహ్నమొకసారి బళ్ళారి నుంచి లేచి చూడడం కంటే సాంద్రతా ఎత్తును బోధించే పాఠం లేదు. రెండోసారి రన్‌వే చివర ఉన్న చెట్లు ఎంత దగ్గరగా వస్తాయో చూసినవారు దానిని మరిచిపోరు.

లేచిన తర్వాత దారి పట్టడం మొదలవుతుంది. ఉపగ్రహాలు దారి చూపని కాలంలో పైలట్లకు ఉన్నవి దిక్సూచి, గడియారం, పటం, నేల మీది గుర్తులు. తర్వాత రేడియో స్తంభం వైపు ముల్లు తిప్పే పరికరం తోడయింది. వేగాన్నీ కాలాన్నీ దిక్కునూ కలిపి తాను ఎక్కడున్నదీ లెక్క గట్టుకోవడాన్ని డెడ్ రెకనింగ్ అంటారు. బళ్ళారి నుంచి మద్రాసు దిక్కు ఉత్తరం నుంచి కొలిస్తే 122 డిగ్రీలు, అంటే ఆగ్నేయానికి కాస్త తూర్పు. గంటకు 250 కిలోమీటర్ల వేగంతో పోయే డకోటా పది నిమిషాలకు ఉరవకొండను చేరాలి. పడగ విప్పిన పాములా నిలిచిన ఆ కొండను మించిన గుర్తు ఈ మైదానంలో లేదు. ఊరి పేరు ‘ఉరగకొండ’ నుంచి వచ్చిందని స్థానికులు చెప్పుకోవడానికి కారణం కూడా ఆ రూపమే. విడపనకల్లు చుట్టూ పరుచుకున్న నల్లరేగడి ఉరవకొండ దాటాక క్రమంగా ఎర్రనేలగా మారుతుంది. రాయలసీమ నేలల మీద ఎన్ని పుస్తకాలు చదివినా అందని స్పష్టతతో ఈ రంగుల మార్పు పైనుంచి కనిపిస్తుంది, పైలట్‌కు అది దారి గుర్తుగా కూడా పనికొస్తుంది. ఇరవయ్యో నిమిషం దాటగానే అనంతపురం, బుక్కరాయసముద్రం చెరువులు కనిపించాలి. కనిపించకపోతే తప్పు గాలిది, దానిని లెక్కలో పట్టనివాడిది.

ఆ గాలి ఈ జిల్లాకు బాగా పరిచయమైనది. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి రాత్రీ పగలూ వీస్తుంది. దాని బలం మీదనే ఇప్పుడు ఈ మండలాలలో గాలిమరలు తిరుగుతున్నాయి. 30 నాట్ల పడమటి గాలి, అంటే గంటకు సుమారు 55 కిలోమీటర్లది, మద్రాసు దారిన పోయే విమానాన్ని వెనుక నుంచి కొంత తోస్తూనే కుడివైపు నుంచి పక్కకు నెడుతుంది. దిద్దుబాటు చేయకుండా ముక్కును 122 డిగ్రీల మీదే పెట్టి గంట సేపు పోతే విమానం గీత నుంచి సుమారు 30 కిలోమీటర్లు ఉత్తరాన తేలుతుంది. రాయచోటి కనిపించవలసిన వేళకు కడప వైపు కొండలు ఎదురవుతాయి. డకోటా అయితే ముక్కును ఏడు డిగ్రీలు కుడికి తిప్పి ఎగరాలి, మెల్లగా పోయే పుస్ మాత్ అయితే పదకొండు డిగ్రీలు. వింట్‌సెంట్ కాలపు పైలట్లు రోజూ చేసిన లెక్క ఇదే. వేరుశనగ విత్తడానికి మబ్బు కోసం పడమర చూసే రైతు, తాను ఎటు కొట్టుకుపోతున్నానో తెలుసుకోవడానికి నేల వైపు చూసే పైలట్, ఇద్దరూ ఒకే గాలిని చదువుతున్నారని ఈ లెక్క చేసినప్పుడు తెలుస్తుంది. 2000 దశకంలో మేఘమథనం కోసం విమానాలు ఈ జిల్లా మబ్బుల్లో తిరిగినప్పుడు ఊళ్లకు ఊళ్లు తలెత్తి చూశాయి. ఆ చూపు వెనుక ఉన్నది కూడా ఇదే గాలి చదువు.

ఎండలో రాని ఒక ఆపద వానాకాలపు మబ్బులో వస్తుంది. కార్బురేటర్‌లో పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది కనుక, బయట ఇరవై డిగ్రీలున్నా తేమగాలిలో అక్కడ మంచు పేరుకొని ఇంజను గొంతు మూసుకుపోగలదు. మానిఫోల్డ్ ముల్లు ఎవరూ తాకకుండానే అంగుళం, అర అంగుళం జారడమే తొలి సూచన. వేడిగాలి మీట లాగితే అది తిరిగి లేస్తుంది. అనంతపురం పొడిగాలిలో ఈ అవసరం అరుదు, శేషాచలం కొండల మీద తూర్పు తేమ తగిలే చోట తరచు. అక్కడే ఎత్తు కూడా చూసుకోవాలి: కొండలు దాదాపు 3,500 అడుగుల దాకా లేస్తాయి, ఆ రోజుల డకోటాలో కింద ఏముందో చెప్పే రాడారు లేదు.

సిమ్యులేటర్ అంతా నిజమే చూపుతుందని అనుకోకూడదు. ఉపగ్రహ చిత్రాలతో అల్లిన నేల ఇవాళ్టిది, దాని మీద ఎగిరే విమానం 1946 నాటిది. తుంగభద్ర ఆనకట్ట పూర్తయింది 1953లో. దాని ఎగువ కాలువ పచ్చని గీత 1932లో ఈ నేల మీద లేదు. పాత పైలట్లకు వాగులూ చెరువులూ రైలుపట్టాలూ గుర్తులైతే, నేటి తెర మీద కాలువలూ రిజర్వాయర్లూ ముందుగా కంటపడతాయి. కుర్చీ వణకదు, కమిలిన నూనె వాసన రాదు, ప్రాణభయం లేదు. అయినా ఈ సాధనం విలువ తగ్గదు. మ్యూజియంలో నిలిపిన డకోటా ఆకారాన్ని కాపాడగలదు. చేతులూ చెవులూ నేర్చుకున్న క్రమాన్ని కాపాడాలంటే ఎవరో ఒకరు రోజూ ఆ క్రమాన్ని పాటించాలి. ఎగిరే స్థితిలో ఉంచిన డకోటాను 2018లో భారత వైమానిక దళం ‘పరశురామ’ పేరుతో స్వీకరించింది. అలాంటి భాగ్యం ఎన్ని విమానాలకు దక్కుతుంది? తక్కిన వారసత్వాన్ని సిమ్యులేటర్ నమూనాలే మోయాలి.

ఆ వారసత్వంలో తెలుగు పాలు ఇంకా చాలా చిన్నది. రాయలసీమలోని ఏ ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులైనా పూనుకుంటే, ఫ్లైట్‌గియర్ డీసీ-3కి డెక్కన్ ఎయిర్‌వేస్ రంగులు వేయవచ్చు, నగరం చుట్టుముట్టక మునుపటి బేగంపేటను పాత పటాల సాయంతో తిరిగి నిర్మించవచ్చు, కాలువలు తీసేసి 1932 నాటి బళ్ళారి–ఉరవకొండ నేలను పరవవచ్చు. అందుకు కావలసిన పటాలూ, కాలపట్టికలూ, ఫోటోలూ పాత ఉద్యోగుల ఇళ్లలోనూ గ్రంథాలయాలలోనూ శిథిలమవుతున్నాయి. కాగితం పొడి కాకముందే ఆ పని జరగాలి.

దిగడానికి కూడా ఈ విమానాలు ఓర్పు అడుగుతాయి. గాలి ప్రొపెల్లర్‌ను తిప్పి, ప్రొపెల్లర్ ఇంజనును తిప్పే పరిస్థితి వస్తే బేరింగులు దెబ్బతింటాయి. అందుకే ప్రతి నూరు చుట్లకూ కనీసం ఒక అంగుళం ఒత్తిడి నిలపాలని పాతవారు నియమం పెట్టుకున్నారు. నిమిషానికి 2,000 చుట్ల దగ్గర మానిఫోల్డ్ ఒత్తిడి ఇరవై అంగుళాలకు తగ్గరాదు. 7,000 అడుగుల నుంచి నిమిషానికి 500 అడుగుల చొప్పున దిగితే పద్నాలుగు నిమిషాలు పడుతుంది, కనుక నగరి కొండలు వెనకబడిన కాసేపటికే దిగడం మొదలుపెట్టాలి. సముద్రపు అంచు కనిపించాక చక్రాలు దింపి, ముందరి రెండు చక్రాలను మెత్తగా నేలకు ఆనించి, తోక తనంతట తాను వాలేదాకా దిక్కు తప్పకుండా పాదాలతో పట్టి ఉంచాలి. విమానం నిలిచాక మిశ్రమపు మీట వెనక్కి లాగితే పెట్రోలు ఆగి, ప్రొపెల్లర్ రెక్కలు ఒక్కొక్కటిగా కంటికి విడివడి, చివరిది ఒక చిన్న కుదుపుతో నిలుస్తుంది. మానిఫోల్డ్ ముల్లు మెల్లగా లేచి మళ్లీ బయటి గాలి ఒత్తిడిని చూపుతుంది. బళ్ళారిలో 28 దాటి నిలిచిన ముల్లు మద్రాసు తీరాన 30కి కాస్త ఇవతల ఆగుతుంది. ఆ ఒకటిన్నర అంగుళం అనంతపురం పీఠభూమి ఎత్తు.